తండ్రి పోతే పిల్లల పింఛను ఎవరడగాలి?

పొలం పనులు లేని నెలల్లో మన కూలీలు రైసు మిల్లుకో, పత్తి మిల్లుకో, చక్కెర ఫ్యాక్టరీకో పోతారు. అక్కడ జీతంలో పీఎఫ్ కోత పడుతుంది. ఆ మనిషి చనిపోతే ఫండు డబ్బు ఒక్కసారి చేతికొస్తుంది. ఇంటివాళ్లు అంతటితో లెక్క తీరిందనుకుంటారు. తీరలేదు. 1995 నవంబరు 16న అమల్లోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకంలో భార్యకు నెలనెలా పింఛనుంది. పిల్లలకు అది కాక వేరే ఉంది.

ఇది ఎవరి దయాధర్మమూ కాదు. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పింఛను నిధికే పోతుంది. పనిలో ఉండగా చనిపోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా కుటుంబానికి హక్కుంది. తర్వాత మిల్లు మూతపడ్డా ఆ హక్కు పోదు.

లెక్క ఇదీ. తల్లి పింఛనులో నాలుగో వంతు ఒక్కో బిడ్డకు, ఒకసారికి ఇద్దరికి, 25 ఏళ్లు నిండేదాకా ఇస్తారు. పెద్దవాడి గడువు తీరితే మూడోవాడి వంతు వస్తుంది. తల్లి కూడా లేకపోతే ఒక్కో బిడ్డకు ముప్పావు వంతు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె పింఛను ఆగుతుంది గాని పిల్లలది ఆగదు, ఆ ముప్పావు వంతుకు పెరుగుతుంది. ఈ సంగతి తెలియక ఎంతోమంది అడగకుండా ఊరుకుంటున్నారు.

మైనరు బిడ్డ సంతకం చెల్లదు. తల్లి గాని, సంరక్షకుడు గాని 10-డి ఫారం పెట్టాలి. మరణ ధ్రువపత్రం, పిల్లల వయసు రుజువు, బ్యాంకు ఖాతాలు సిద్ధం చేసుకోవాలి. తల్లి పేరు ఒక్కటే రాసి పంపితే పిల్లల వాటా మరుగున పడుతుంది. ఫారంలో ప్రతి బిడ్డ పేరూ ఉందో లేదో చదివించుకుని చూడండి.

మరి వచ్చేదెంత? 2014 సెప్టెంబరు నుంచి కనీసం భార్యకు 1,000, బిడ్డకు 250, అనాథ బిడ్డకు 750 రూపాయలుగా నిర్ణయించారు. 250 రూపాయలతో నెలంతా ఏ బిడ్డ కడుపు నిండుతుంది?

పొలంలోనే బతుకు వెళ్లదీసే కూలీకి అదీ లేదు. పేద కుటుంబంలో సంపాదించే మనిషి పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒక్కసారి ఇచ్చే సాయాన్ని 2012లో 20,000 చేశారు. దినకర్మల అప్పు తీరేసరికి అది అయిపోతుంది. బిడ్డ ఎదగడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

అందుకే సంఘాల ముందు రెండు పనులున్నాయి. ఊళ్లో మిల్లు పనికి పోయి చనిపోయినవాళ్ల జాబితా రాసి, పిల్లల చేత ఫారాలు పెట్టించాలి. వ్యవసాయ కూలీ బిడ్డకూ నెలనెలా పింఛను ఇవ్వాలని పోరాడాలి. నాగలి పట్టినవాడి బిడ్డ ఆకలీ, మిల్లులో బస్తా మోసినవాడి బిడ్డ ఆకలీ ఒక్కటే!