అమ్మ చేతి పనికి అమెరికాలో క్లాసు!

పెరుగు తోడుపెట్టడం, చెత్తతో ఎరువు, చిరిగిన చొక్కాకు అతుకు... ఒక్కరోజు బడిలో మనవాళ్లు నేర్చుకునేదీ ఉంది, నేర్పేదీ ఉంది

"దీనికి కూడా క్లాసా?"

ఇండియా నుంచి వచ్చిన అమ్మను ఇలాంటి చోటికి తీసుకెళితే ముందుగా ఆమె అడిగేది ఇదే. శనివారం పొద్దున తొమ్మిది గంటలు. చర్చి హాలో, స్కూలు భవనమో, పబ్లిక్ లైబ్రరీయో. గుమ్మంలో టైంటేబుల్ అంటించి ఉంటుంది. ఒక గదిలో పాలు కాచి పెరుగు తోడుపెట్టడం, పక్క గదిలో టమాటాలు సీసాల్లోకి ఎక్కించి ఏడాది నిల్వ ఉంచడం. బయట చెట్టు కింద కూరగాయల తొక్కలతో ఎరువు తయారీ. ఇంకోచోట తేనెటీగలు, ఊలు వడకడం, బుట్ట అల్లడం, చిరిగిన బట్టకు అతుకు వేయడం. గంటకో క్లాసు. మధ్యాహ్నం ఎవరి ఇంటి నుంచి వాళ్లు తెచ్చుకున్న వంటలతో భోజనం.

కొన్ని ఊళ్లలో దీన్ని రీస్కిల్లింగ్ డే అంటారు, కొన్ని ఊళ్లలో స్కిల్ షేర్, మరికొన్ని చోట్ల హోమ్‌స్టెడింగ్ ఫెయిర్. పేరేదైనా సంగతి ఒకటే. తాతల నాడు ప్రతి ఇంట్లో తెలిసిన పనులు మనవల నాటికి ఎవరికీ తెలియకుండా పోయాయి. తెలిసిన నలుగురిని పట్టుకుని మళ్లీ నేర్చుకుందాం అని.

మనవాళ్లు ఇటువైపు పెద్దగా తొంగిచూడరు. వారమంతా ఆఫీసు, స్టోరు, మోటెల్ డ్యూటీలు. శనివారం వస్తే పిల్లల క్లాసులు, గ్రాసరీలు, ఎవరింట్లోనో పుట్టినరోజు. "పెరుగు తోడుపెట్టడం మాకెందుకు నేర్పడం?" అనే ధీమా కూడా ఉంది. ఆ ధీమా ఎంతవరకు నిజమో ఒక్కసారి మన వంటింట్లోకి చూసుకుంటే తెలుస్తుంది. ఆవకాయ ఇండియన్ స్టోరు నుంచి, వడియాలు సూట్‌కేసులోంచి, ఇడ్లీ పిండి డబ్బాలోంచి. పని తెలిసింది మనకు కాదు, మన అమ్మకు.

ఎక్కడ మొదలైంది?

రీస్కిల్లింగ్ అనే మాటను ఇటీవలి కాలంలో ఊరూరా తిప్పింది ట్రాన్సిషన్ టౌన్ ఉద్యమం. 2006లో ఇంగ్లండ్‌లోని టాట్నెస్ అనే చిన్న పట్టణంలో రాబ్ హాప్కిన్స్, ఆయన మిత్రులు దీన్ని మొదలుపెట్టారు. పెట్రోలు ఎల్లకాలం చవగ్గా దొరకదు, వాతావరణం మారిపోతోంది, కాబట్టి మన తిండీ బట్టా కొంతైనా మన ఊళ్లోనే చేసుకోగలగాలి అన్నది వాళ్ల వాదన. 2008లో కొలరాడోలోని బౌల్డర్ ద్వారా అది అమెరికాకూ వచ్చింది.

అయితే అమెరికాకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. మెయిన్ రాష్ట్రంలో సేంద్రియ రైతుల సంఘం 1971లో ఏర్పడింది. వాళ్లు 1977లో మొదలుపెట్టిన కామన్ గ్రౌండ్ కంట్రీ ఫెయిర్ యూనిటీ అనే ఊళ్లో ఏటా సెప్టెంబరులో మూడు రోజులు జరుగుతుంది. మన జాతరలాగే ఉంటుంది, కాకపోతే గొర్రె బొచ్చు కత్తిరించడం నుంచి విత్తనాలు దాచడం వరకు రోజంతా చేసి చూపిస్తూనే ఉంటారు.

అంతకంటే పాతది నార్త్ కరోలినా కొండల్లోని బ్రాస్‌టౌన్‌లో ఉన్న జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్. డెన్మార్క్ జానపద పాఠశాలలను చూసివచ్చిన ఆలివ్ డేమ్ క్యాంప్‌బెల్ 1925లో భర్త పేరుతో దీన్ని పెట్టారు. మార్కులు లేవు, పరీక్షలు లేవు. కమ్మరం, నేత, కుండలు, బుట్టలు, చెక్కపని... వారం రోజుల కోర్సులు, వారాంతపు కోర్సులు ఉంటాయి. అట్లాంటాలో ఉండే మనవాళ్లకు కారులో రెండు, రెండున్నర గంటల దూరం.

మీ కౌంటీలోనే ఉంది

అంత దూరం ఎవరు వెళ్తారు అనుకుంటే, దాదాపు ప్రతి కౌంటీకీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఒకటి ఉంది. 1862 నాటి మొరిల్ చట్టంతో రాష్ట్రాల్లో ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలు పుట్టాయి. ఆ చదువు రైతు గడపకు చేరాలని 1914లో స్మిత్-లీవర్ చట్టం చేశారు. యూనివర్సిటీ పరిశోధనను పొలానికి, వంటింటికి మోసుకెళ్లడమే ఎక్స్‌టెన్షన్ పని. చట్టానికి నాలుగేళ్ల ముందే, 1910లో, సౌత్ కరోలినాలోని ఐకెన్ కౌంటీలో మేరీ క్రోమర్ అనే టీచరమ్మ ఆడపిల్లల చేత టమాటా క్లబ్బు పెట్టించింది. పిల్లలు టమాటా పండించారు, డబ్బాల్లో నిల్వచేశారు, అమ్మి సొంత డబ్బు చూశారు. ఈనాటి క్లాసులకు అవ్వ ఆ క్లబ్బే.

ఇప్పుడు మాస్టర్ గార్డెనర్ అనే వాలంటీర్లు చాలా రాష్ట్రాల్లో ఉన్నారు. 1970ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైన పద్ధతి ఇది. మట్టి పరీక్ష ఎలా, ఆకు మీద మచ్చలు ఎందుకు, ఏ నెలలో ఏం నాటాలి అని ఫోన్ చేసి అడిగినా చెబుతారు. ఒకరోజు క్లాసులు ఎప్పుడో కూడా అక్కడే తెలుస్తుంది. కొన్ని ఉచితం, కొన్నింటికి నామమాత్రపు ఫీజు.

మనకు దీనితో పాత చుట్టరికం కూడా ఉంది. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఈ ల్యాండ్ గ్రాంట్ నమూనానే తీసుకున్నారు. వెనక నిలిచి సాయం చేసింది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ.

ఆవకాయ ఎందుకు చెడదు?

మనం నేర్చుకునేది ఏముంది అంటారా? అమ్మకు పని తెలుసు, కారణం చెప్పడం రాదు. "తడి తగలనీయకు, ఉప్పు తగ్గించకు" అంటుంది అంతే. కారణం ఈ క్లాసులో దొరుకుతుంది.

గాలి చొరని సీసాలో, పులుపు తక్కువైన పదార్థంలో బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని విషం ప్రాణాంతకం. వాసన రాదు, రుచి మారదు. పులుపును కొలిచే పీహెచ్ అంకె 4.6 కన్నా తక్కువైతే, అంటే పులుపు ఎక్కువైతే, అది పెరగలేదు. అందుకే పులుపున్న పండ్లను మరిగే నీళ్లలో సీసాలు ముంచి నిల్వచేస్తారు. చిక్కుడు, మొక్కజొన్న, మాంసం లాంటివాటికి ప్రెషర్ క్యానర్ తప్పనిసరి. మనింట్లో పప్పు ఉడికించే చిన్న కుక్కర్ ఆ పనికి పనికిరాదు. టమాటా సరిహద్దు మీద ఉంటుంది కాబట్టి, లీటరుకు కాస్త తక్కువ పట్టే క్వార్ట్ సీసాకు స్టోరులో దొరికే సీసా నిమ్మరసం రెండు టేబుల్ స్పూన్లు వేయమంటారు. టమాటా నిల్వ పచ్చడిలో అమ్మ చింతపండు ఎందుకు దట్టిస్తుందో అప్పుడు అర్థమవుతుంది.

ఆవకాయలో పచ్చి మామిడి పులుపుంది, దండిగా ఉప్పుంది, పైన నూనె ఉంది. అందుకే జాడీలో ఏడాది నిలుస్తుంది. బీపీ అని ఉప్పు సగం చేసి పెట్టారా, అది ఫ్రిజ్‌లోనే ఉండాలి. అలాగే ఒట్టి నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి వంటింటి గట్టు మీద ఉంచే అలవాటు మానుకోండి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో అలాంటి వెల్లుల్లి నూనె వల్లే ముప్పై మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు కుర్రాళ్లు కలిసి ఉండే అపార్ట్‌మెంట్లలో ఈ సంగతి తప్పక తెలియాలి.

ఇంకో చిన్న చిట్కా. ఇక్కడి బల్ల ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా వేసే పొడి కలిసి ఉంటాయి. ఏమీ కలపని ఉప్పు కావాలంటే పిక్లింగ్ సాల్ట్ అని అడగండి.

గోంగూర సరే, కరివేపాకుతో జాగ్రత్త

పెరటి క్లాసులో మొదటి పాఠం మంచు. మీ ఊళ్లో చివరి మంచు ఎప్పుడు పడుతుందో తెలియకుండా గోంగూర, దొండ, బచ్చలి నాటితే ఒక్క రాత్రిలో నల్లబడిపోతాయి. మార్చిలో ఇంట్లో కిటికీ దగ్గర నారు పోసి, చలి పూర్తిగా పోయాక బయట నాటుకోవాలి. ఎకరాలు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎండ పడితే ఐదు గ్యాలన్ల బకెట్‌లో కూడా తోటకూర వస్తుంది.

కరివేపాకు సంగతి వేరు. అది నిమ్మ, నారింజ కుటుంబం మొక్క. సిట్రస్ గ్రీనింగ్ అనే మందులేని తెగులును మోసే చిన్న పురుగు దాని మీద హాయిగా బతుకుతుంది. ఆ పురుగు 1998లో ఫ్లోరిడాలో, 2008లో కాలిఫోర్నియాలో కనిపించింది. తెగులు 2005లో ఫ్లోరిడాను, 2012లో కాలిఫోర్నియాను తాకింది. ఫ్లోరిడా నారింజ తోటలు చాలావరకు దానివల్లే దెబ్బతిన్నాయి. అందుకని క్వారంటైన్ ఉన్నచోట్ల మొక్కను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించడం నేరం. ఫ్రెండ్ ఇచ్చాడు కదా అని కుండీ కారులో పెట్టుకుని బయల్దేరకండి. ముందు ఎక్స్‌టెన్షన్ ఆఫీసును అడగండి.

సూట్‌కేసులో విత్తనాలు కూడా అంతే. ఇండియా నుంచి తేవాలంటే మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. చెప్పకుండా తెస్తే లాక్కుంటారు, జరిమానా కూడా పడవచ్చు. ఇక్కడే విత్తనాలు పంచుకునే ఏర్పాటు ఉంది. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ లైబ్రరీలో 2010లో విత్తనాల లైబ్రరీ మొదలైంది. విత్తనం తీసుకెళ్లి, పండించి, తిరిగి కొంత తెచ్చివ్వడం పద్ధతి. అలాంటివి ఇప్పుడు చాలా ఊళ్ల లైబ్రరీల్లో ఉన్నాయి.

ఎవరు టీచరు?

కుండ చేసేవాళ్ల పేరు, బుట్ట అల్లేవాళ్ల పేరు, బట్ట నేసేవాళ్ల పేరు మన దగ్గర కులం పేరు. మనలో ఎందరి నాన్నలు మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లో, ఎందరి తాతలు కొలిమి దగ్గర చేతులు కాల్చుకున్నవాళ్లో. "ఈ పని నాతోనే పోవాలి, నువ్వు చదువుకో" అని వాళ్లే మనల్ని పంపారు. ఆ మాటలో తప్పు లేదు. పనికి కూలి గిట్టలేదు, మర్యాద దక్కలేదు. అదే పనిని బ్రాస్‌టౌన్‌లో ఫీజు కట్టి, సెలవు పెట్టి నేర్చుకుంటున్నారు. చెప్పేవాళ్లను టీచరు అని గౌరవంగా పిలుస్తున్నారు. ఇది చూసినప్పుడు మనసులో కాస్త కలుక్కుమంటుంది.

మన దగ్గరా ఆ గౌరవం కోసం పట్టుబట్టినవాళ్లు ఉన్నారు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతాయి. ఎడ్లబండ్ల మీద చిరుధాన్యాల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. నడిపేది ఎక్కువమంది దళిత మహిళా రైతులు. చదువుకోకపోయినా విత్తనం గురించి వాళ్లే టీచర్లు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ ఈ సంఘాలకు దక్కింది.

మనమూ ఒకటి పెడదామా?

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. అందులో మొదటి నెల జెట్‌లాగ్, ఆఖరి నెల షాపింగ్. మధ్యలో కారు నడపడం రాక, పలకరించే మనిషి లేక, పగలంతా సీరియళ్లు. రెక్కాడినన్నాళ్లూ ఊరికే కూర్చోని మనుషులు వాళ్లు. ఒక్క శనివారం వాళ్లను టీచర్లను చేయండి.

పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. తెలుగు సంఘం హాలు, గుడి భోజనశాల, తెలుగు బడి జరిగే గది ఏదైనా చాలు. నాలుగు క్లాసులు, ఒక్కొక్కటి ముప్పావు గంట, క్లాసుకు పదీ పన్నెండు మంది. ఒకరు వడియాలు, ఒకరు విస్తరి కుట్టడం, ఒకరు పాత చీరలతో బొంత, ఒకరు పెరటి ఎరువు. పిల్లలను ప్రేక్షకులుగా కూర్చోబెట్టకండి. సూది దారం చేతికివ్వండి.

కొన్ని సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు డబ్బు తీసుకుని క్లాసు చెప్పకూడదు, అది ఉద్యోగం కిందికి వస్తుంది. పని అనుమతి లేని హెచ్-4 వాళ్లకూ, స్పాన్సర్ చేసిన కంపెనీలోనే పనిచేయాల్సిన హెచ్-1బి వాళ్లకూ అంతే. అనుమానం ఉంటే లాయర్‌ను అడగండి. చేసిన పచ్చళ్లు అమ్మాలన్న ఆలోచన వస్తే ఇంటి వంటల అమ్మకంపై మీ రాష్ట్రం రూల్స్ ముందు చూసుకోండి, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి.

అన్నిటికన్నా ముఖ్యమైనది తూకం. అమ్మ "కాస్త" అంటుంది, "గుప్పెడు" అంటుంది, "నీకే తెలుస్తుంది" అంటుంది. మనకు తెలియదు. ఆమె చేతిలోంచి పడబోయే ఉప్పును ముందు త్రాసు మీద పోయించి గ్రాములు రాసుకోండి. ఒకరు చేతుల మీద ఫోన్ పెట్టి వీడియో తీయండి.

రిటర్న్ టికెట్ తేదీ ఎలాగూ ముందే ఖాయమైపోయి ఉంటుంది. ఆ లోగా వచ్చే శనివారాల్లో ఏది ఖాళీయో ఇవాళే చూసి, అమ్మను ఒక్క మాట అడగండి: "నువ్వు ఏం నేర్పుతావమ్మా?" మొదట "నాకేం వచ్చురా" అంటుంది. కాస్త ఆగండి. ఆ తర్వాత చెప్పేదంతా రాసుకోవడానికి కాగితం దగ్గర పెట్టుకోండి.