ఇనుము పాడిన పాట

ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారం నీడలో పెరిగినవారికి ఇనుప చప్పుడు కొత్త కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే నాళ్ళలో బ్రతుకుతెరువు వెతుక్కుంటూ అక్కడికి చేరిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి ఆ చప్పుడు మధ్యనే జీవించాయి. అదే పట్టణంలోని ఐ.ఐ.టి.లో జరిగే 'స్ప్రింగ్ ఫెస్ట్' ఉత్సవంలో రాక్ బృందాల పోటీ ఒక ప్రధాన ఆకర్షణ. గిటారు గర్జన విని, "ఇదేమి సంగీతం?" అని పెద్దలు విసుక్కోవడం సహజమే. కాని ఆ గర్జన పుట్టుకలో కూడా ఒక కార్ఖానాకు భాగం ఉన్నది.

1965లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో టోనీ అయోమీ అనే యువకుడు రేకుల కార్ఖానాలో తన ఉద్యోగపు చివరి దినాన, యంత్రం క్రింద కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం. గిటారు తీగలను నొక్కవలసినవి ఆ వ్రేళ్ళే! అతడు నిరాశపడి ఊరుకోలేదు. కరిగించిన ప్లాస్టిక్‌తో వ్రేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. పలుచని తీగలు బిగించాడు. తరువాత వాటి బిగువునూ సడలించాడు. నాదం బరువెక్కింది. 1970లో వెలువడిన 'బ్లాక్ సబ్బత్' తొలి ఆల్బం హెవీ మెటల్‌కు నాంది అయింది.

ఆ నగరంలోనే 1987లో 'నేపామ్ డెత్' బృందం తన తొలి ఆల్బం 'స్కమ్'లో ఇరవై ఎనిమిది పాటలను సుమారు అరగంటలో ముగించింది. అందులో ఒక పాట నిడివి సెకను పైచిలుకు మాత్రమే! ఈ మెరుపు వేగపు బాణీకి గ్రైండ్‌కోర్ అని పేరు.

ఆ వేగం స్వీడన్ కుర్రవాళ్ళను ఆకర్షించింది. 1989 డిసెంబరులో స్టాక్‌హోం లోని సన్‌లైట్ స్టూడియోలో 'ఎన్‌టూమ్డ్' బృందం తన తొలి ఆల్బంను రికార్డు చేసింది. గాయకుడు పెత్రోవ్‌కు, డ్రమ్ములు వాయించిన ఆండర్సన్‌కు అప్పటికి పదిహేడేళ్ళు. జపానుకు చెందిన బాస్ కంపెనీ చేసిన హెచ్.ఎమ్.-2 అనే చిన్న పెట్టెను గిటారుకు తగిలించి, దాని నాలుగు నాబులనూ చివరికంటా త్రిప్పడమే అక్కడి రహస్యం. ధ్వని తరంగపు శిఖరాలు తెగి, మొద్దును రంపం కోస్తున్నట్టి మోత వెలువడింది. 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' పేరుతో 1990లో ఆల్బం విడుదలయింది. దానిని వెలువరించిన ఇయరేక్ సంస్థే అంతకు మునుపు 'స్కమ్'నూ లోకానికి అందించింది.

ఆ పెట్టె తయారీ 1991లో ఆగిపోయింది. కాని ఆ మోతను కోరేవారు తగ్గలేదు. వాడిన పెట్టెల కోసం వెతుకులాట పెరిగింది. దాదాపు ముప్పై ఏళ్ళకు కంపెనీ దానిని మళ్ళీ తయారు చేయవలసి వచ్చింది.

2021 మార్చిలో పెత్రోవ్ కాన్సర్‌తో, నలభై తొమ్మిదో ఏట కన్నుమూశాడు. అదే సంవత్సరం హైదరాబాదుకు చెందిన 'గాడ్‌లెస్' అనే డెత్ మెటల్ బృందం 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' పేరిట తన తొలి పూర్తి ఆల్బంను వెలువరించింది. ఒక గొంతు మూగపోయిన ఏడాదే, వేల మైళ్ళ దూరాన మరొక గొంతు లేచింది.

ఇనుము మధ్య బ్రతికేవారికి ఇనుమే పాట కావడంలో వింత లేదు. అది అందరి చెవులకూ ఇంపు కాకపోవచ్చు. అయినా, తెగిన వ్రేళ్ళతో మళ్ళీ గిటారు పట్టిన ఒక కార్మికుని పట్టుదల అందులో ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నది.