మూడు రాత్రులు – మూడు నాటకములు

పుస్తకమునందున్న నాటకము సగము నాటకమే. నటుడు దానికి ప్రాణము పోయును. ప్రేక్షకుడు ఆ ప్రాణమును నిలుపును. కావుననే భరతముని నాట్యశాస్త్రమునందు నటునకే కాక ప్రేక్షకునకును కొన్ని లక్షణములను చెప్పెను. అవి యేల కావలెనో తెలియుటకై, ఒక నాటకాభిమాని వరుసగా మూడు రాత్రులు మూడు విధములైన ప్రదర్శనములను చూచెననుకొందము.

మొదటి రాత్రి కూచిపూడివారి భామాకలాపము. ఇది సిద్ధేంద్రయోగి రచనయని ప్రసిద్ధి. పాట, ఆట, మాట మూడును ఇందు కలిసియుండును. ఇద్దరు మనుష్యులు తెర పట్టుకొని నిలిచిరి. తెరమీదుగా పొడవైన జడ యొకటి వ్రేలాడెను. తన్ను మించిన విద్వాంసులున్నచో ముందునకు రమ్మని సత్యభామ విసరిన సవాలది! ఆమె ముఖము కనబడుటకు చాలసేపు పట్టెను. “కథ యెప్పుడు సాగును?” అని అభిమాని విసుగుకొనెను. కాని కథ అందరకు తెలిసినదే. తన గొప్పను చెప్పుకొని మురిసిన భామయే, కృష్ణుని యెడబాటుచే లేఖ వ్రాయుటకు కూర్చున్నపుడు ఆ గర్వమెట్లు కరగిపోయెనో చూడవలెను. దానిని కన్నులతోడను వ్రేళ్లతోడను చూపవలసిన బాధ్యత నర్తకునిది. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) పురుషుడై యుండియు ఈ పాత్రచేతనే విశేషఖ్యాతి నార్జించెను. తొందర విడిచినంతనే అభిమానికి నాటకము కనబడసాగెను.

రెండవ రాత్రి సురభివారి మాయాబజారు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున వనారస గోవిందరావు మొదలగువారు కీచకవధను ప్రదర్శించిరి. నాటినుండి ఆ కుటుంబములవారు తరతరములుగా నాటకమునే నమ్ముకొని జీవించుచున్నారు. హార్మోనియము మ్రోగుచుండగా చిత్రించిన తెరలు మారినవి. రంగస్థలముమీద మాయలు జరిగినవి. ఇంతలో ప్రక్కనున్న యువకుడొకడు “అదిగో తీగ!” అని పకపక నవ్వెను. తీగ అభిమానికిని కనబడినది. అయినను అతడు వేరొకటి తలచెను. ఆ తీగను తెరవెనుక ఎవరో సరియైన క్షణమున లాగుచున్నారు. కొంతసేపటి క్రిందట వేషముతో వచ్చి పాడిపోయినవారే వారై యుండవచ్చును. సినిమాలో పొరపాటు జరిగినచో మరల చిత్రీకరింపవచ్చును. ఇచ్చట ఆ వీలు లేదు. తీగను చూచి నవ్వినవానికి తీగయే దక్కును. దానిని లాగు చేతిని తలచినవానికి నాటకము దక్కును.

మూడవ రాత్రి గురజాడ అప్పారావు కన్యాశుల్కము. ఇది 1892లో విజయనగరమున మొదటిసారి ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను, 1909లో ఎంతయో మార్పు చెంది మరల వెలువడెను. పౌరాణిక నాటకములలో నటుడు పద్యమునకు రాగము తీయగా “వన్స్‌మోర్” అని కేకవేయుట అభిమానికి అలవాటు. ఇందు అట్టి అవకాశము లేదు. జనులు ఇండ్లలో మాటలాడు మాటలే వినవచ్చినవి. మొదట అతనికి వెలితిగా తోచెను. పిమ్మట గిరీశము మాటలకు సభ అంతయు నవ్వెను, అతడును నవ్వెను. కాని ఆ తీయని మాటలను నమ్ముచున్న బాలవితంతువు బుచ్చమ్మ ముఖమును చూచినపుడు అతని నవ్వు ఆగిపోయెను. ధనము పుచ్చుకొని పసిబాలికలను వృద్ధులకు కట్టబెట్టు దురాచారము ఆనాడు కలదు. ఆ నవ్వుల వెనుకనున్న దుఃఖమది.

మూడు రాత్రులును అభిమాని మొదట పొరపడెను. నిన్నటి కొలతతో నేటి నాటకమును కొలుచుటయే ఆ పొరపాటు. ప్రతి ప్రదర్శనమునకును తన ధర్మము కలదు. దానిని గ్రహించి చూచువాడే రసికుడు.

ప్రదర్శనమునకు కలుగు సిద్ధి రెండు విధములని భరతముని చెప్పెను. ప్రేక్షకులు నవ్వుటయు, మెచ్చి కేకలు వేయుటయు మానుషసిద్ధి. నిండిన సభయందు చిన్న సవ్వడియైనను లేక యుండుట దైవికసిద్ధి. నటుడు ఎంతటివాడైనను ఈ రెండవదానిని ఒంటరిగా సాధింపజాలడు. అది ప్రేక్షకుల చేతిలోనున్నది. ఖాళీ కుర్చీల యెదుట ఏ కళయు నిలువదు.