కూర్చున్నా నిలబడ్డా నడుము పట్టని బల్ల

2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులు పెరిగాయి, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లూ పెరిగారు. మెడ, నడుము నొప్పి రాగానే కుర్చీని తిట్టుకుంటాం. ముందు కొలవాల్సింది బల్లను.

ఆఫీసు బల్ల ఎత్తు సాధారణంగా 75 సెం.మీ., అంటే రెండున్నర అడుగులు. అది మీకు ఎక్కువా, సరిపోతుందా? పాదాలు నేలకు ఆనించి, భుజాలు వదిలేసి, మోచేతులు మడిచి కూర్చోండి. నేల నుంచి మోచేతి దాకా టేపు పెట్టి చూస్తే ఎంత వస్తుందో, కీబోర్డు అంత ఎత్తులో ఉండాలి. ఐదడుగుల మనిషికి అది సుమారు 60 సెం.మీ. వస్తుంది. బల్ల అరడుగు ఎక్కువన్నమాట! ఆ అరడుగు కోసమే భుజాలు సాయంత్రం దాకా పైకి లేచి ఉంటాయి. బల్ల కాళ్లు కోయించడం కుదరకపోతే కుర్చీ పైకి ఎత్తి, పాదాల కింద పీట వేసుకోండి.

కొలత కుదిరితే ఇక నొప్పి రాదా? గద్వాల నేతన్నలను అడగండి. గుంట మగ్గం మీద కాళ్లు గుంటలో ఉంటాయి, నేత చేతికి అందే ఎత్తులోనే సాగుతుంది. అయినా గంటల తరబడి అలాగే కూర్చుంటే నడుము పట్టేస్తుంది. అందుకే మధ్యమధ్యలో లేచి పనిచేసే ఏర్పాటు కావాలి.

నిలబడి పనిచేయడానికి ఎత్తెంత? మీ ఎత్తును 0.63తో గుణించండి. 152 సెం.మీ. మనిషికి 96, 168 సెం.మీ. మనిషికి 106 వస్తుంది. మోటారుతో లేచే బల్ల కొనే ముందు వంటగట్టు మీద ప్రయత్నించండి. గట్టు 85 సెం.మీ. ఉంటే, పైన పదీ ఇరవై సెంటీమీటర్ల చెక్కపెట్టె సరిపోతుంది.

ల్యాప్‌టాప్‌తో ఒక చిక్కుంది. కీబోర్డు మోచేతి ఎత్తులో పెడితే తెర కిందికి పోతుంది, తల వంగుతుంది. తల బరువు సుమారు 5 కిలోలు. అదే 60 డిగ్రీలు వంగితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందని 2014లో ఒక అమెరికన్ వెన్నెముక సర్జన్ లెక్కగట్టారు. పాతిక కిలోల బియ్యం బస్తా కన్నా ఎక్కువే. కాబట్టి విడి కీబోర్డు తప్పదు. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల మీద ఎత్తి, తెర పైఅంచు కంటి ఎత్తుకు, చేయి చాచినంత దూరంలో ఉంచండి. దగ్గరికీ దూరానికీ ఒకే అద్దాలు వాడేవారు కాస్త కిందికి దించుకోవాలి.

నిలబడితే బరువు తగ్గుతామా? పెద్దగా కాదు. 65 కిలోల మనిషి ఆరు గంటలు కూర్చోకుండా నిలబడితే అదనంగా ఖర్చయ్యేది సుమారు 54 కిలోక్యాలరీలే. అరగంట నడకకు అంతకన్నా ఎక్కువ ఖర్చవుతుంది.

రోజంతా నిలబడినా కాళ్లు వాస్తాయి. పనివేళల్లో నిలబడటం, అటూ ఇటూ నడవడం కలిపి రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి నెమ్మదిగా నాలుగుకు పెంచమని 2015లో బ్రిటన్‌లో నిపుణుల బృందం సూచించింది. అదీ ఒకే దఫాలో కాదు, విడతలుగా. ఉబ్బిన నరాలున్నవారు ముందు డాక్టర్‌ను అడగాలి.

వడ్రంగితో బల్ల చేయించుకుంటే, పనిలో వేసుకునే చెప్పులతోనే రెండు కొలతలూ తీసి ఇవ్వండి. ఎత్తు పెరిగే కొద్దీ బల్ల ఊగుతుంది కాబట్టి, కాళ్ల మధ్య అడ్డచెక్క వేయమని మరీ మరీ చెప్పండి.