కెమెరా బాడీ మార్చాలా, ఆగాలా?

ఫిబ్రవరి దాటాక గుంటూరు చుట్టుపక్కల ఏ మిరప కల్లంలో ఫొటో తీసినా ఒకటే గొడవ. ఆరబోసిన కాయలు ఎర్రటి ముద్దలా పడతాయి. కాయ మీది ముడత, తొడిమ కింది నీడ ఏవీ తేలవు. "బాడీ పాతదైపోయింది, మార్చేయ్" అనే సలహా ఆ వెంటనే వస్తుంది.

తప్పు బాడీది కాదు. సెన్సరుకు రంగులు తెలియవు, పడిన వెలుతురెంతో కొలవడమే దాని పని. అందుకే కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ దాని మీద మూడు రంగుల గళ్ల ఫిల్టరు పరిచే పద్ధతి కనిపెట్టి, 1976లో పేటెంటు పొందారు. ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి నీలం, ఎరుపుకి మిగిలింది ఒక్కటే. కల్లంలో ఎరుపు లెక్క మిగతా రంగులకన్నా ముందే గరిష్ఠానికి చేరి ఆగిపోతుంది. ఆపైన కాయకీ కాయకీ తేడా ఉండదు. కెమెరా మీటరేమో అన్నిటినీ కలిపి చూసి ఫరవాలేదనుకుంటుంది. ఎక్స్‌పోజరు ఒక స్టాపు తగ్గించి, జేపెగ్ బదులు రా ఫైలు తీస్తే పదిహేనేళ్ల నాటి బాడీ కూడా ముడతలు చూపిస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. 14 బిట్ల రాలో 16,384.

అయితే బాడీ మార్చడం ఎప్పుడూ దండగేనా? కాదు. 1975లో కోడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు మూడున్నర కిలోల పైమాటే. 100 అడ్డం, 100 నిలువు చుక్కల నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టులోకి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. 1999లో నికాన్ డీ1 వచ్చేసరికి పిక్సెళ్లు 27 లక్షలు, 2003లో క్యానన్ 300డీకి 63 లక్షలు. ఆ కాలంలో కొత్త బాడీ కొన్నవాడికి తేడా ప్రింటులోనే కనిపించేది.

2008లో క్యానన్ 5డీ మార్క్ 2 వచ్చింది. 2.1 కోట్ల పిక్సెళ్లు, పైగా ఫుల్ హెచ్‌డీ వీడియో. 2011లో రాంగోపాల్ వర్మ 'దొంగల ముఠా'ను ఐదు రోజుల్లో చుట్టేసింది క్యానన్ 5డీ కెమెరాలతోనే.

ఇక పెళ్లి ఆల్బమ్ లెక్క చూద్దాం. 12×36 ఆల్బమ్ విప్పితే ఒక్కో పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600×5400, అంటే 1.94 కోట్లు. పేజీ నిండా ఒకే ఫొటో వేసినా 2008 నాటి బాడీ సరిపోతుంది. 4.5 కోట్ల పిక్సెళ్ల కోసం అప్పు చేసేవాళ్లు ముందు ఈ గుణకారం చేసుకోవాలి.

పాత బాడీ ఓడిపోయేది వేరే చోట. తలంబ్రాలు పోసేటప్పుడు చూడండి: లెన్సుకీ పెళ్లికూతురికీ మధ్య బియ్యం గింజలు ఎగురుతుంటాయి, పాత ఆటోఫోకస్ ముఖం వదిలి గింజను పట్టుకుంటుంది. కంటిని గుర్తుపట్టి వెంటాడే ఇప్పటి మిర్రర్‌లెస్ బాడీలు అలా తేలిగ్గా మోసపోవు. రెండోది కార్డు. మార్క్ 2లో ఒకటే స్లాటు; అది చెడితే మూడు ముళ్ల ఫొటో మళ్లీ తీయలేం. మూడోది షట్టరు. దానికి కంపెనీ చెప్పిన ఆయుష్షు లక్షన్నర క్లిక్కులు. పెళ్లికి మూడు వేలు వేసుకున్నా 50 పెళ్లిళ్లు. ఆ తర్వాత కూడా ఆడొచ్చు, కానీ ముహూర్తం వేళ దాన్ని నమ్ముకోవడం సాహసమే.

ఈ మూడింటిలో ఒక్కటైనా పనికి అడ్డొస్తే బాడీ మార్చాల్సిందే. లేదంటే ఆ డబ్బు మంచి లెన్సుకి పెట్టడం మేలు. 1987లో మొదలైన క్యానన్ ఈఎఫ్ లెన్సులు, 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్ మౌంటు బాడీల మీద కూడా అడాప్టరు తగిలిస్తే పనిచేస్తున్నాయి.