ఇంటి ఉమ్మడి భాండాగారం

పూర్వం మన ఇళ్లలో ధాన్యానికి గాదె, నగలకు భోషాణం, దస్తావేజులకు ట్రంకుపెట్టె ఉండేవి. తాళంచెవులు ఇంటి పెద్ద అధీనంలో ఉండేవి. ఏ వస్తువు ఎవరికి ఎంతవరకు అందాలో నిర్ణయించే విచక్షణ ఆ పెద్దకు ఉండేది. నేడు కుటుంబ సంపదలో కొంతభాగం ఛాయాచిత్రాలుగా, ధ్వనిముద్రణలుగా, స్కాన్ చేసిన పత్రాలుగా కంప్యూటరు ఫైళ్లలో నిలిచి ఉంది. రూపం మారినా దానికి కూడా గాదె, తాళంచెవి, విచక్షణ అవసరమే.

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు సమీపాన ఉన్న మొఘల్‌పురాలో ఒక ఉమ్మడి కుటుంబాన్ని ఊహించుకుందాం. తాతగారి పేరిట ఉన్న ఇంటి పత్రాల ప్రతులు పెద్ద కుమారుని ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. దుకాణం లెక్కలు చిన్న కుమారుని కంప్యూటరులో ఉన్నాయి. పెళ్లి ఫొటోలు నలుగురి ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇంటర్మీడియట్ చదివే మనుమరాలు తన పాఠాలను పెన్‌డ్రైవులో వెంట తిప్పుకొంటుంది. వీటిలో ఏ ఒక్కటి పోయినా అందులోని సంపద పోయినట్లే. ఈ చిక్కును తీర్చడానికి ఉపయోగపడే సాధనమే ఇంటి నెట్‌వర్కు నిల్వ యంత్రం. దీనిని వాడుకలో ‘నాస్’ అంటారు.

నాస్ అంటే ఒకటిగాని అంతకు మించిగాని హార్డ్‌డిస్కులు గల చిన్న కంప్యూటరు. సాధారణంగా దీనికి తెర, కీబోర్డు ఉండవు. దీనిని ఇంట్లోని ఇంటర్నెట్ రౌటరుకు కలుపుతారు. పాత ఇళ్ల మందపాటి గోడలు దాటేసరికి వైఫై బలహీనపడుతుంది కనుక ఈ యంత్రాన్ని తీగతో కలపడమే మేలు. ఇక ఇందులోని ఉమ్మడి ఫోల్డరును చేరడానికి మూడు మెట్లు ఎక్కాలి.

మొదటిది చిరునామా. రౌటరు ఇంట్లోని ప్రతి యంత్రానికి 192.168.1.20 వంటి ఒక సంఖ్యను కేటాయిస్తుంది. ఇది ఇంటిలోపల మాత్రమే చెల్లే చిరునామా. విండోస్ కంప్యూటరులో ఫైళ్ల కిటికీ పైభాగాన ఉన్న చిరునామా పట్టీలో \\192.168.1.20 అని టైపు చేస్తే ఉమ్మడి ఫోల్డర్లు కనిపిస్తాయి. ఈ సంఖ్య అప్పుడప్పుడు మారే అవకాశం ఉన్నందున, రౌటరులో దానిని నాస్‌కు స్థిరంగా కేటాయించుకోవాలి.

రెండవది గుర్తింపు. కుటుంబంలో ప్రతి ఒక్కరికి వేరువేరు పేరు, పాస్‌వర్డు ఉండాలి. అందరూ ఒకే పాస్‌వర్డు వాడితే ఏ ఫైలును ఎవరు మార్చారో తెలుసుకోవడం కష్టం.

మూడవది అనుమతి. పెళ్లి ఫొటోలను అందరూ చూడవచ్చు. చెరిపే అధికారం ఇద్దరికే ఉండవచ్చు. దుకాణం లెక్కలు అన్నదమ్ములకు మాత్రమే తెరుచుకోవాలి. చూడటం, మార్చడం, అసలు ప్రవేశమే లేకపోవడం అనే ఈ తారతమ్యాలను ఫోల్డరు వారీగా నిర్ణయించవచ్చు. పూర్వం ఇంటి పెద్ద చూపిన విచక్షణ ఇక్కడ అమరికల రూపం దాల్చింది.

కొన్నిసార్లు యంత్రం పనిచేస్తున్నా ‘నెట్‌వర్కు’ జాబితాలో దాని పేరు కనబడదు. అప్పుడు కంగారు పడక చిరునామాను నేరుగా టైపు చేసి చూడాలి. ఫోను అతిథుల కోసం ఏర్పరచిన వైఫైలో ఉంటే నాస్ సాధారణంగా అందదు. ఇంటి ప్రధాన వైఫైలోకి మారాలి.

మరొక అడ్డంకి యంత్రాలు మాట్లాడుకొనే భాషకు సంబంధించినది. ఫైళ్లు పంచుకొనే ఈ పద్ధతిని ‘ఎస్‌ఎంబీ’ అంటారు. ఇది 1980వ దశకంలో ఐబీఎం సంస్థలో రూపుదిద్దుకొంది. దీని మొదటి రూపంలోని లోపాన్ని ఆసరా చేసుకొని 2017 మే నెలలో ‘వానాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా వ్యాపించి, ఫైళ్లకు తాళం వేసి సొమ్ము డిమాండు చేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిదిద్దే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చిలోనే విడుదల చేసింది. దానిని అమర్చుకోని యంత్రాలు చిక్కుకుపోయాయి. కాబట్టి పాత నాస్ కొత్త కంప్యూటరుకు అందకపోతే ఆ పాత పద్ధతిని తిరిగి అనుమతించరాదు. నాస్‌లోని సాఫ్ట్‌వేరునే నవీకరించాలి.

చివరిగా ఒక భ్రమను తొలగించుకోవాలి. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం నిలిపే నాస్‌లో ఒక డిస్కు చెడిపోయినా రెండవది కాపాడుతుంది. కాని పొరపాటున ఒక ఫైలును చెరిపివేస్తే అది రెండింటిలోనూ చెరిగిపోతుంది. ఇంట్లోకి వరద నీరు వస్తే రెండు డిస్కులూ ఒకేసారి మునుగుతాయి. 2020 అక్టోబరు వర్షాలకు పాతబస్తీలోని పలు కాలనీలు నీట మునిగిన సంగతి మరువరానిది. అందువల్ల ముఖ్యమైన ఫైళ్ల ప్రతిని వేరొక డిస్కులో నకలు చేసి, మరో పేటలోని బంధువుల ఇంట భద్రపరచాలి. ఆ ప్రతి సక్రమంగా తెరుచుకొంటున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

పదిమందికి అందుబాటులో ఉన్నంత మాత్రాన సంపద పదిలమైనట్లు కాదు. అందుకొనే హక్కుతో పాటు కాపాడే బాధ్యతను కూడా ఇంటిల్లిపాది పంచుకొన్నప్పుడే అది నిజమైన ఉమ్మడి ఆస్తి అవుతుంది.