ఆర్డర్ వచ్చింది సరే, దాని పై అరలో ఏముంది?

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలంటూ అమెరికా అధ్యక్షుడు ఒక ప్రకటన మీద సంతకం చేశారు. మన దగ్గర తెల్లారేసరికి ఫ్యామిలీ గ్రూపుల్లో ఒకటే గోల. సెలవు మీద ఇంటికి వచ్చినవాళ్లు తిరుగు టికెట్ల కోసం పరుగులు పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు దిగిపోయారని వార్తలొచ్చాయి. ఫీజు ఏటా కట్టాల్సిందేనని అక్కడి వాణిజ్య మంత్రే చెప్పారు. మర్నాడు వైట్‌హౌస్ మాట వేరుగా వచ్చింది: ఒక్కసారే కట్టాలి, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదు.

ప్రకటన పాఠం కూడా అంత స్పష్టంగా లేదన్నది నిజమే. కానీ ఆ శనివారం దాన్ని తెరిచి చూసినవాళ్లు ఎంతమంది? తెరిస్తే కనీసం రెండు విషయాలు కనపడేవి. ఒకటి, పొడిగించకపోతే 12 నెలలకే దాని గడువు తీరిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఏ చట్టంలోని ఏ సెక్షన్ ఇచ్చిన అధికారంతో ఈ పని చేస్తున్నారో అందులోనే రాసి ఉంది.

ఎంఎస్ కోసం అప్పు చేయాలా వద్దా అని ఆలోచిస్తున్న మీకు ఈ రెండో విషయమే అసలు పనికొచ్చేది. అమెరికా నుంచి వచ్చే ప్రతి కబురు వెనకా ఒక కాగితం ఉంటుంది. అది ఏ అరలోదో చూడాలి. పై అరలో రాజ్యాంగం. దాని కింద కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు చేసిన చట్టాలు. వాటి కింద అధ్యక్షుడి ఉత్తర్వులు, శాఖలు రాసుకునే నిబంధనలు. కింది అరలోది పై అరలోదాన్ని మార్చలేదు. కోడింగ్ చేసేవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, చైల్డ్ క్లాస్‌లో ఎంత రాసినా పేరెంట్ క్లాస్ మారదు.

మరి కింది అరలోది పై అరలోదాన్ని దాటిందని తేల్చేదెవరు? కోర్టు అంటారు. నిజానికి 1787లో ఫిలడెల్ఫియాలో రాసిన ఆ రాజ్యాంగంలో ఉన్నవి ఏడు అధికరణలే. ఇప్పటిదాకా చేరిన సవరణలు 27. ఒక సాయంత్రం కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు. చట్టాన్ని కొట్టేసే అధికారం కోర్టుకు ఉందన్న వాక్యం మాత్రం అందులో ఎక్కడా దొరకదు. మరి ఆ అధికారం ఎలా వచ్చిందంటే, అపాయింట్‌మెంట్ లెటర్ చేతికందని ఒక ఉద్యోగార్థి వల్ల వచ్చింది.

అందని ఉత్తర్వు

ఆయన పేరు విలియం మార్బరీ. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఎన్నికల్లో ఓడిపోయి, 1801 మార్చిలో దిగిపోతూ దిగిపోతూ తనవాళ్లను వరసగా పదవుల్లో వేశాడు. వాళ్లలో మార్బరీ ఒకడు. వాషింగ్టన్‌లో ‘జస్టిస్ ఆఫ్ ది పీస్’ అనే చిన్న న్యాయాధికారి పోస్టు, ఐదేళ్ల పదవీకాలం. సంతకం అయింది, ముద్ర పడింది. కానీ హడావుడిలో కొన్ని నియామక పత్రాలు ఆఫీసులోనే ఉండిపోయాయి. కొత్త అధ్యక్షుడు జెఫర్సన్ వాటిని ఇవ్వొద్దన్నాడు. నోటిఫికేషన్, పరీక్ష, రిజల్ట్ అన్నీ అయ్యాక జాయినింగ్ ఆర్డర్ దగ్గర ఆగిపోయినవాళ్లకు మార్బరీ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయన నేరుగా సుప్రీంకోర్టుకెళ్లాడు. నియామక పత్రం ఇవ్వమని కొత్త విదేశాంగ మంత్రి మాడిసన్‌ను ఆదేశించాలని అడిగాడు. ఇక్కడో తమాషా ఉంది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఎవరో కాదు, ఆ పత్రాలకు ముద్ర వేసి, పంపించాల్సిన పాత విదేశాంగ మంత్రే! ఈ రోజుల్లో అయితే ఆ కేసు వినకుండా పక్కకు తప్పుకోమంటారు.

మార్షల్ ఇరకాటంలో పడ్డాడు. పత్రం ఇవ్వమని ఆదేశిస్తే జెఫర్సన్ లెక్కచేయకపోవచ్చు, కోర్టు పరువు పోతుంది. ఇవ్వక్కర్లేదంటే భయపడ్డట్టు ఉంటుంది. 1803 ఫిబ్రవరి 24న ఆయన చెప్పింది ఇదీ: మార్బరీకి ఆ పదవి మీద హక్కు ఉంది, హక్కు ఉన్నచోట చట్టంలో దారీ ఉండాలి. కానీ ఇలాంటి కేసు నేరుగా మా దగ్గర వేయొచ్చంటున్న 1789 నాటి చట్టంలోని 13వ సెక్షన్, రాజ్యాంగం మాకిచ్చిన పరిధిని దాటి పోయింది. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదు. కాబట్టి మేం ఆదేశం ఇవ్వలేం.

మార్బరీకి ఉద్యోగం రాలేదు. కోర్టుకు మాత్రం ఒక చిన్న అధికారాన్ని వదులుకుని చాలా పెద్ద అధికారం దక్కింది. నా ఉద్దేశంలో ఇంత తెలివైన తీర్పు, ఇంత అనుమానించదగ్గ తీర్పు ఇంకొకటి లేదు.

గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. న్యాయసమీక్షను అమెరికా నుంచి తీసుకున్నాం అని బిట్‌గా బట్టీ పడతాం. కానీ అక్కడ అది తీర్పులోంచి పుట్టింది. మన దగ్గర 13, 32, 226 అధికరణల్లో దానికి రాతపూర్వకమైన ఆధారం ఉంది. 1967 గోలక్‌నాథ్ కేసులో మన తెలుగువాడు, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ‘ఈ తీర్పు ఇకముందు చేసే సవరణలకే వర్తిస్తుంది, పాతవాటిని కదపదు’ అన్న పద్ధతిని వాడారు. దాన్ని కూడా అమెరికా కోర్టుల నుంచే తెచ్చుకున్నారు.

కోర్టు ఎప్పుడూ మంచే చేస్తుందా?

లేదు. మార్బరీ తర్వాత సుప్రీంకోర్టు మళ్లీ ఒక కాంగ్రెస్ చట్టాన్ని కొట్టేసింది 1857లో, డ్రెడ్ స్కాట్ కేసులో. నల్లజాతివాళ్లు అమెరికా పౌరులు కాలేరని చెప్పిన తీర్పు అది. దాన్ని తుడిచేయడానికి ఒక అంతర్యుద్ధం, ఆ తర్వాత 1868లో 14వ సవరణ కావాల్సి వచ్చాయి. అమెరికా గడ్డ మీద పుట్టి, ఆ దేశ అధికార పరిధికి లోబడి ఉన్నవాళ్లంతా పౌరులేనని ఆ సవరణ చెబుతుంది.

ఈ ‘పరిధికి లోబడి’ అన్న రెండు మాటల మీదే వాంగ్ కిమ్ ఆర్క్ కేసు నడిచింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తల్లిదండ్రులు చైనావాళ్లు, అప్పటి చట్టం ప్రకారం వాళ్లకు పౌరసత్వం వచ్చే అవకాశమే లేదు. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే ఓడరేవులో ఆపేశారు, నువ్వు పౌరుడివి కాదన్నారు. 1898లో సుప్రీంకోర్టు 6-2 తేడాతో పౌరుడేనని తేల్చింది.

2025 జనవరి 20న జన్మతః పౌరసత్వం మీద వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌ను ఇప్పుడు దీని పక్కన పెట్టి చదవండి. తల్లి చదువు వీసా, వర్క్ వీసా లాంటి తాత్కాలిక హోదాలో ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకపోతే అక్కడ పుట్టిన బిడ్డను పౌరుడిగా గుర్తించొద్దని ఆ ఆర్డర్ చెప్పింది. వాంగ్ తల్లిదండ్రులు అక్కడ స్థిరనివాసులు కదా అన్నది ఒక పక్షం వాదన. 14వ సవరణలో స్థిరనివాసం అన్న మాటే లేదు కదా అన్నది రెండో పక్షం వాదన. ఉత్తర్వు సవరణను మార్చలేదని ఇద్దరూ ఒప్పుకుంటారు. గొడవంతా ఆ రెండు మాటలకు అర్థం ఏంటన్నదే.

మనవాళ్ల విషయంలో ఎదురుదెబ్బ కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థింద్‌కు 1923లో అదే సుప్రీంకోర్టు పౌరసత్వం కాదంది. సామాన్యుడి వాడుకలో ఆయన ‘తెల్లవాడు’ కిందికి రాడట. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్ ఇంగ్లండ్‌లో పుట్టి వలస వచ్చినవాడే. భారతీయులకు ఆ తలుపు తిరిగి తెరిచింది కోర్టు కాదు, 1946లో కాంగ్రెస్ చేసిన చట్టం. అందుకే ఏ అర అన్నది చూసుకోవాలి.

ఇక లక్ష డాలర్ల సంగతి. దీనికి పనికొచ్చే కొలబద్ద 1952లో దొరికింది. కొరియా యుద్ధం సమయంలో సమ్మె ఆపడానికి అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకుంటే సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. ఆ కేసులో జస్టిస్ జాక్సన్ విడిగా రాసిన అభిప్రాయమే ఎక్కువగా నిలిచింది. కాంగ్రెస్ ఇచ్చిన అధికారంతో చేస్తే అధ్యక్షుడి బలం పూర్తిగా ఉంటుంది. కాంగ్రెస్ ఏమీ చెప్పనిచోట అది మసక. కాంగ్రెస్ మాటకు ఎదురెళ్తే చాలా తక్కువ.

హెచ్‌-1బి ప్రకటన ఆధారపడింది 1952 నాటి వలస చట్టంలోని 212(ఎఫ్) మీద. దేశ ప్రయోజనాలకు నష్టం అనుకుంటే విదేశీయుల ప్రవేశాన్ని ఆపే అధికారం అధ్యక్షుడికి ఇచ్చే సెక్షన్ ఇది. కొన్ని దేశాలవాళ్ల ప్రయాణాలపై పెట్టిన నిషేధం విషయంలో 2018లో సుప్రీంకోర్టు 5-4తో దీన్ని చాలా విశాలంగా చదివింది. కాబట్టి ‘ఇది కోర్టులో ఒక్కరోజు నిలబడదు’ అన్న ఫార్వర్డ్‌ను నమ్మకండి. పన్నులు వేసే అధికారాన్ని రాజ్యాంగం కాంగ్రెస్‌కే ఇచ్చింది కాబట్టి ‘ఇక తిరుగులేదు’ అన్నదాన్నీ నమ్మకండి. కోర్టుకెళ్లినవాళ్లు వాదించింది ఈ సందులోంచే.

తీర్పు చదవడానికి లా డిగ్రీ అక్కర్లేదు. అమెరికా సుప్రీంకోర్టు సొంత వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు ఉచితం. మొదట ‘సిలబస్’ అని ఉంటుంది. మన సెమిస్టర్ సిలబస్ అనుకోకండి, సిబ్బంది రాసిన సారాంశం అది, తీర్పులో భాగం కాదు. అయినా అక్కడే మొదలుపెట్టండి. తర్వాత వచ్చే మెజారిటీ అభిప్రాయమే అసలు తీర్పు. దాని వెనక ఏకీభవిస్తూ రాసినవి, విభేదిస్తూ రాసినవి ఉంటాయి. విభేదించే జడ్జీల భాష ఘాటుగా ఉంటుంది, స్క్రీన్‌షాట్లు ఎక్కువగా అక్కడి నుంచే తిరుగుతాయి. మీకు ఒకటి వస్తే ముందు పేజీ పైభాగంలో ‘డిసెంటింగ్’ అని ఉందేమో చూడండి. ఉంటే అది ఓడిపోయిన పక్షం మాట.